మోడల్ రైలింజను ఆగిందంటే డీకోడర్ పోయినట్టేనా?

“పాత ఇంజన్లు తాతల కాలం నుంచి తిరుగుతూనే ఉన్నాయి, ఇప్పటివి నాలుగేళ్లు కూడా నిలవట్లేదు.” మోడల్ రైళ్ల సరదా ఉన్నవాళ్లు ఎక్కడ కలిసినా ఈ మాట వినిపిస్తుంది. తప్పు కూడా వెంటనే ఎలక్ట్రానిక్స్ మీదకు పోతుంది. రిమోట్‌తో నడవడం మొదలయ్యాకే ఇంజన్లు నాజూకైపోయాయనీ, ఒకసారి చెడితే ఇక పారేయడమేననీ చాలామంది నమ్ముతారు. ఇలాంటి ఇంజన్లు విప్పి బాగుచేయడం నాకు ఇష్టమైన పని. విప్పి చూసినకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం వేరు. ఇప్పటి ఇంజన్లో అన్నిటికన్నా తేలిగ్గా మార్చగలిగే భాగం డీకోడరే, అంటే రిమోట్ ఆదేశాలు చదివి మోటారును నడిపే చిన్న సర్క్యూట్ బోర్డే. ఇంజన్లను నిజంగా మూలన పడేస్తున్నవి మురికి, గట్టిపడిన గ్రీజు, పగిలిన గేరు, కల్తీ పడ్డ లోహం, అన్నిటినీ మించి దొరకని విడిభాగాలు.

ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్ఓ సైజు. అసలు రైలుకు 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా దాని గురించే. పెరట్లో నడిపే పెద్ద ఇంజన్లకూ, ఎన్ స్కేలు చిన్నవాటికీ లెక్కలు కొంచెం మారతాయి కానీ జబ్బులు దాదాపు ఇవే.

పాతది ఎందుకంత మొండిది

జర్మనీలోని గోపింగెన్‌లో 1859లో మొదలైన మార్క్లిన్ కంపెనీ 1935లో ఈ చిన్న సైజు రైళ్లను తెచ్చింది. యుద్ధం తర్వాత వచ్చిన వాళ్ల ఇంజను ఒకటి విప్పితే లోపల కనిపించేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లోహపు బాడీ, లోహపు గేర్లు, మూతలేని మోటారు, అడుగున మధ్య కాంటాక్టుల మీద జారుతూ కరెంటు తీసుకునే ఒక పొడవాటి రేకు. మోటారుకు రెండు బ్రష్‌లు, అంటే తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే ముక్కలు. చాలా మోడళ్లలో ఒకటి కార్బన్, ఇంకొకటి రాగి జాలీ చుట్ట. చిన్న స్ప్రింగు పక్కకు జరిపితే రెండూ బయటికి వస్తాయి. దిశ మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 24 ఓల్టుల చిన్న తోపు ఇస్తారు, లోపలి రిలే ‘టక్’మని ఇటునుంచి అటు పడుతుంది. ఒక్క స్క్రూడ్రైవర్, ఒక చుక్క నూనె ఉంటే ఇంట్లోనే పని అయిపోతుంది.

అయితే ఆ ఇంజను ఏం చేయలేకపోయిందో కూడా చెప్పుకోవాలి. అది మెల్లగా కదలలేదు, ఆగినచోటి నుంచి ఒక్క ఉదుటున దూకుతుంది. గోల ఎక్కువ, కరెంటు కూడా బాగా తాగుతుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి, కలిసే ఆగుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. పాతవాటిలో మనకు కనిపించేవి బతికి బట్టకట్టినవి మాత్రమే. విరిగినవి, పిల్లలు మెట్ల మీద నుంచి పడేసినవి ఎప్పుడో చెత్తలో కలిశాయి. మిగిలినవాటిని చూసి ఆ కాలం మొత్తానికి మెచ్చుకోలు పత్రం ఇవ్వడం సరికాదు.

పట్టా మీద కరెంటు, కరెంటులోనే మాట

రెండు పట్టాల మీద నడిచే పాత డీసీ పద్ధతిలో పట్టాల మధ్య ఓల్టేజీ పెంచితే వేగం పెరుగుతుంది, ధన రుణాలు తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. ఇప్పటి డీసీసీలో, అంటే డిజిటల్ కమాండ్ కంట్రోల్ పద్ధతిలో, పట్టాల మీద ఎప్పుడూ దాదాపు 15 ఓల్టులు ఉంటాయి, ఇంజను ఆగి ఉన్నా సరే. ఆ ఓల్టేజీ క్షణానికి వేలసార్లు దిశ మారుతూ ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ‘1’, 100 మైక్రోసెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే ‘0’. ఈ ఒకట్లు, సున్నాలు కలిసి “3వ నంబరు ఇంజనూ, ఇంత వేగంతో ముందుకు పద” అన్న ఆదేశం అవుతాయి. ఇంజన్లోని డీకోడర్ అదే కరెంటుతో బతుకుతూ, అందులోని ఆదేశాన్ని చదువుతూ, తనది కానిదాన్ని వదిలేస్తూ, తనదైతే మోటారుకు కావలసినంత విద్యుత్తు వదులుతుంది.

ఈ పద్ధతికి పునాది వేసింది జర్మనీలోని గీసెన్‌కు చెందిన లెంజ్ సంస్థ, 1980ల చివర్లో. అమెరికాలో 1935లో పుట్టిన మోడల్ రైల్వే సంఘం ఎన్ఎంఆర్ఏ దాన్ని తీసుకుని, 1990ల మొదటి సగంలో అందరికీ ఒకే ప్రమాణంగా చేసింది. ఇంజను మన్నిక గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మర్చిపోకూడదు. ఆ నాటి డీకోడర్ ఉన్న ఇంజన్ని ఈ రోజు కొన్న కంట్రోలర్‌తో నడపొచ్చు. అప్పటి మొబైల్ ఫోను, అప్పటి కంప్యూటరు ఇప్పుడు ఎందుకూ పనికిరావు. ఈ బొమ్మ రైలు భాష మాత్రం అలాగే ఉంది. ఎవరి సొత్తూ కాని ప్రమాణానికి ఉన్న బలం అది.

ఒకే కంపెనీ గుప్పిట్లో ఉన్న పద్ధతులకు ఈ భరోసా ఉండదు. 2020లో అమెరికాలోని ఎంటీహెచ్ సంస్థ మూతపడబోతున్నట్టు ప్రకటించినప్పుడు, వాళ్ల సొంత డిజిటల్ పద్ధతి మీద ఇంజన్లు కొన్నవాళ్లందరికీ వచ్చిన మొదటి ప్రశ్న, రేపు సర్క్యూట్ బోర్డు కాలిపోతే ఇంకొకటి ఎక్కడ దొరుకుతుందని. ఆ తర్వాత ఆ సంస్థ చిన్న స్థాయిలో కొనసాగింది. కానీ ఆ భయం నిజమైనదే. ఫోన్ యాప్‌తో మాత్రమే నడిచే ఇంజన్ల విషయంలోనూ నాకు ఇదే సందేహం. ఇంజను బాగానే ఉండి, యాప్ కొత్త ఫోన్లలో పనిచేయకుండా పోతే దాన్ని ఏ స్క్రూడ్రైవరూ బాగుచేయలేదు.

చాలా “చావులు” మురికి వల్లే

ఇంజను నడుస్తూ నడుస్తూ ఆగుతుంది. వేలితో తోస్తే మళ్లీ కదులుతుంది. లైటు మిణుకుమిణుకుమంటుంది. శబ్దం వచ్చే ఇంజనైతే మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి ‘స్టార్ట్’ అయినట్టు కూస్తుంది. దీన్ని చూసి డీకోడర్ పోయిందనుకుంటారు. నిజానికి డీకోడర్‌కు కరెంటు అందట్లేదు.

చక్రానికీ పట్టాకూ తగిలే చోటు గుండుసూది తలంత కూడా ఉండదు. కరెంటు మొత్తం అక్కడి నుంచే ఎక్కాలి. చక్రం దొర్లేటప్పుడు ఆ చోట కంటికి కనిపించనంత చిన్న నిప్పురవ్వలు పుడతాయి. అవి దుమ్మునూ, నూనె తడినీ మాడ్చి నల్లటి పూతగా చక్రం మీద పేరుస్తాయి. పాత డీసీ ఇంజను ఈ పూతను కొంతవరకు తట్టుకునేది. రెప్పపాటు కరెంటు తెగినా చక్రాల ఊపుతో ముందుకు పోయేది. డీకోడర్‌లో ఉన్నది చిన్న కంప్యూటరు. దానికి కరెంటు తెగితే మొదటి నుంచి మొదలెట్టాలి. అంటే ఈ కాలపు ఇంజను నాజూకైంది కాదు, మురికిని దాచిపెట్టుకోలేనిది అయింది.

బాగుచేయడం తేలికే. మెత్తటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పట్టాల మీద పరిచి, ఇంజను ఒక జత చక్రాలు గుడ్డ మీద, ఇంకో జత పట్టా మీద ఉండేలా పట్టుకుని తిప్పితే నల్లటి చారలు గుడ్డకు దిగుతాయి. తర్వాత రెండోవైపు. గరుకు కాగితంతో రుద్దడం మాత్రం వద్దు. చక్రం మీద పడిన సన్నటి గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది, ఈసారి ఇంకా త్వరగా. చక్రాల వెనక ఒరుసుకునే సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ రేకులను కూడా చూడాలి. అవి వంగిపోయి చక్రాన్ని తాకకపోతే ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. ఒక్కో రేకును టూత్‌పిక్‌తో మెల్లగా చక్రం వైపు వంచితే, చనిపోయిందనుకున్న ఇంజను లేచి నడుస్తుంది.

ఈ మధ్య చాలా డీకోడర్లకు పక్కన కెపాసిటర్లు కలుపుతున్నారు. కరెంటు తెగిన క్షణాల్లో అవి ఇంజన్ని నడిపిస్తాయి. మంచి ఏర్పాటే. కాకపోతే పట్టా ఎంత మురికిగా ఉందో యజమానికి తెలియకుండా కప్పిపెడతాయి కూడా.

కొన్ని చక్రాలకు చుట్టూ రబ్బరు పట్టీ ఉంటుంది, ఎక్కువ పెట్టెలు లాగడానికి పట్టు కోసం. కుక్కర్‌కి గాస్కెట్ ఎలాగో ఇంజనుకు ఈ పట్టీ అలాగ, అరిగితే మార్చాల్సిందే. గట్టిపడి పగిలిన పట్టీతో ఇంజను కుంటుతూ నడుస్తుంటే, మోటారు పోయిందని పక్కన పెట్టేసినవాళ్లను నేను చూశాను.

టక్... టక్... టక్

మా బావగారు న్యూజెర్సీ నుంచి తెచ్చిన ఒక అమెరికన్ డీజిల్ ఇంజను పట్టా మీద పెట్టగానే మెల్లగా, లెక్కగా ఒక శబ్దం చేసేది. వేగం పెంచితే శబ్దం దగ్గరవుతుంది, తగ్గిస్తే దూరమవుతుంది. మోటారు మోతైతే ఏకధాటిగా ఉంటుంది. చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కసారి కొట్టుకుంటోందంటే జబ్బు ఇరుసు దగ్గరే. బోగీ (ఇంజను అడుగున చక్రాల జతలను పట్టి ఉంచే చట్రం) కింద ప్లాస్టిక్ మూతను చిన్న స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తి, చక్రాల జతలను ఒక్కొక్కటే తీసి భూతద్దం కింద పెట్టాను. మూడో జతలో గేరు పళ్ల మధ్య వెంట్రుక లాంటి గీత. గోటితో నొక్కితే తెరుచుకుంటోంది.

ఇది ఏదో ఒక్క ఇంజను జబ్బు కాదు. చాలా మోడళ్లలో ఇరుసు ఒకే కడ్డీగా ఉండదు. రెండు పట్టాల కరెంటు కలిసిపోకుండా, రెండు అర ఇరుసులను మధ్యలో ఒక ప్లాస్టిక్ గేరు గొట్టంలోకి బిగించి గుచ్చుతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ప్లాస్టిక్ కుంచించుకుపోవాలని చూస్తుంది, లోపలి లోహం కుంచించుకోనివ్వదు. చివరికి గేరు రెండు పళ్ల మధ్య చీలుతుంది. చీలిన చోట పళ్ల మధ్య ఎడం పెరుగుతుంది, పక్క గేరు ఆ ఎడంలోంచి దాటిన ప్రతిసారీ ‘టక్’. పెట్టెలో భద్రంగా దాచిన ఇంజన్లో కూడా ఇది జరుగుతుంది. నడపకపోతే చెడదన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఈ గేర్లు ఎక్కువగా ఎసిటాల్ రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి ఏ జిగురూ సరిగా అంటుకోదు. అతికించే ప్రయత్నం చేసి, ఆ జిగురు పక్క గేర్లకు పాకి మొత్తం బోగీ బిగుసుకుపోయేలా చేసుకోవడం కన్నా కొత్త గేరు వేయడం మేలు. ఒకటి పగిలిందంటే అదే బ్యాచ్‌లోని మిగతావి క్యూలో ఉన్నట్టే కాబట్టి అన్నీ ఒకేసారి మార్చేయాలి. మళ్లీ బిగించేటప్పుడు రెండు చక్రాల మధ్య దూరం గేజితో చూసుకోవాలి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా మలుపుల దగ్గర ఇంజను పట్టా తప్పుతుంది. మార్చే గేరు ఖరీదు చాలా తక్కువ. దాని కోసం వెతకడమే పెద్ద పని.

గ్రీజు సంగతీ ఇంతే. 1990లలో, 2000లలో వచ్చిన చాలా ఇంజన్లలో వేసిన గ్రీజు ఇప్పటికి మైనంలా గడ్డకట్టింది. ఇరవై ఏళ్లు పెట్టె విప్పని ఇంజన్ని తీసి నేరుగా పట్టా మీద పెట్టి స్విచ్ వేయడం అన్నిటికన్నా చెడ్డ పని. ముందు గేర్ పెట్టె మూత తీసి, పాత గ్రీజంతా ఆల్కహాల్‌తో కడిగి, ప్లాస్టిక్‌కు హాని చేయని కొత్త గ్రీజు కొద్దిగా పెట్టాలి.

డీకోడర్ ఎలా చస్తుంది

డీకోడర్ కూడా పోతుంది. కానీ దానంతటది పోవడం అరుదు. మోటారు జబ్బు డీకోడర్‌ను ఎలా కాలుస్తుందో చూడండి.

ఎవరో ఇంజనుకు నూనె కాస్త ఎక్కువ వేశారు. ఆ నూనె మోటారు ఇరుసు వెంట పాకి కమ్యుటేటర్ మీదకు, అంటే బ్రష్‌లు ఒరుసుకునే రాగి ముక్కల చుట్టు మీదకు చేరింది. బ్రష్‌ల నుంచి రాలే కార్బన్ పొడి ఆ నూనెతో కలిసి నల్లటి ముద్దయింది. కమ్యుటేటర్ రాగి ముక్కల మధ్య ఖాళీలో ఆ ముద్ద కూరుకుపోయింది. కార్బన్‌కు కరెంటు పారే గుణం ఉంది కాబట్టి ఒకదానితో ఒకటి తగలకూడని ముక్కల మధ్య కరెంటు పారడం మొదలైంది. మోటారు బలం తగ్గింది, తాగే కరెంటు పెరిగింది.

ఇక్కడే ఇప్పటి డీకోడర్ తెలివి దానికే ముప్పు తెస్తుంది. మంచి డీకోడర్లు క్షణంలో చిన్న భాగం పాటు మోటారుకు కరెంటు ఆపి, తిరుగుతున్న మోటారు తిరిగి పుట్టించే ఓల్టేజీని కొలుస్తాయి. దాన్నిబట్టి అసలు వేగం తెలుస్తుంది. వేగం తగ్గితే వెంటనే ఇంకొంచెం కరెంటు వదులుతాయి. అందువల్లే ఇప్పటి ఇంజను ఎత్తు ఎక్కినా దిగినా ఒకే నడకతో పోతుంది. కానీ అదే కారణంగా మోటారు జబ్బు పడ్డా యజమానికి తెలియదు. పాత ఇంజనైతే నెమ్మదించి, మూలిగి, నాకు బాగాలేదని చెప్పేది. కొత్తది కరెంటు కుమ్మరించి నడక నిలబెట్టుకుంటుంది, కాలిపోయే దాకా. మామూలు హెచ్ఓ డీకోడర్ మోటారుకు ఇవ్వగలిగింది ఒక ఆంపియర్ ప్రాంతం. ఆ హద్దు దాటితే, రక్షణ సర్క్యూట్ ఉన్నది ఆపేసుకుంటుంది, లేనిది పొగ వదులుతుంది. డీకోడర్ పోయిందని కొత్తది తెచ్చి పెడితే అదీ పోతుంది. అప్పుడు “ఈ కంపెనీ డీకోడర్లన్నీ ఇంతే” అన్న తీర్పు వచ్చేస్తుంది.

అందుకే డీకోడర్ మార్చే ముందు దాన్ని తీసి, మోటారును విడిగా 12 ఓల్టుల డీసీ మీద నడిపి, మల్టీమీటర్‌తో కరెంటు కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న ఇప్పటి హెచ్ఓ మోటారు సాధారణంగా అర ఆంపియర్ లోపే తీసుకుంటుంది. తర్వాత చక్రాలను ఒక్క క్షణం వేలితో ఆపి, అప్పుడు ఎంత తాగుతుందో చూడాలి. ఆ అంకె కన్నా డీకోడర్ సామర్థ్యం ఎక్కువ ఉండాలి. పాత మూతలేని మోటార్లు ఈ పరీక్షలో ఒక ఆంపియర్ దాటిపోవడం మామూలే. పాత ఇంజనుకు చిన్న డీకోడర్ పెట్టి కాల్చుకునేది ఇందుకే.

రెండో కారణం మన చేతులే. చాలా పాత ఇంజన్లలో మోటారు ఒక బ్రష్ నేరుగా ఛాసిస్‌కు, అంటే ఇంజను లోహపు చట్రానికి, తగిలి ఉంటుంది. డీసీలో అది తప్పు కాదు. డీసీసీలో మాత్రం పట్టా కరెంటు డీకోడర్ అవుట్‌పుట్‌లోకి వెనకనుంచి దూరి దాన్ని ఒక్క క్షణంలో చంపుతుంది. మోటారు రెండు కొనలకూ, ఛాసిస్‌కూ మధ్య ఎలాంటి కలయికా లేదని మల్టీమీటర్‌తో తేల్చుకోకుండా డీకోడర్ పెట్టకూడదు. బాడీ మూసేటప్పుడు వైరు నలిగినా అదే ఫలితం. స్పీకర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఈఎస్‌యూ సంస్థ లోక్‌సౌండ్ పాత 3.5 తరం డీకోడర్లు 100 ఓమ్‌ల స్పీకర్ కోసం చేసినవి. ఇప్పుడు సులువుగా దొరికే 8 ఓమ్‌ల స్పీకర్ దానికి తగిలిస్తే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోతుంది.

బిగింపు పూర్తయ్యాక ఇంజన్ని మొదట పెట్టాల్సింది ప్రోగ్రామింగ్ పట్టా మీద, అంటే డీకోడర్ సెట్టింగులు రాయడానికి విడిగా ఉంచే పట్టా మీద. అక్కడ కరెంటుకు 250 మిల్లీఆంపియర్ల ప్రాంతంలో హద్దు ఉంటుంది. వైరింగ్‌లో తప్పుంటే డీకోడర్ జవాబివ్వదు కానీ బతుకుతుంది. నేరుగా మెయిన్ పట్టా మీద పెడితే పట్టాలకు కరెంటు అందించే బూస్టర్ ఇచ్చే మూడు నుంచి ఐదు ఆంపియర్లూ ఆ తప్పులోంచి పారతాయి.

ఆ బూస్టర్ బలం మామూలు రోజుల్లో కూడా ప్రమాదమే. పట్టా తప్పిన చక్రం రెండు పట్టాలనూ కలిపితే అంత కరెంటూ ఒక్క సన్నటి రేకులోంచి పోయి, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. లేఅవుట్ మీద అక్కడక్కడా ఒక రూపాయి నాణెం రెండు పట్టాలకూ తగిలేలా పెట్టి చూడండి. ఎక్కడ పెట్టినా బూస్టర్ వెంటనే ‘ట్రిప్’ అవ్వాలి. దూరపు మూలలో అవ్వట్లేదంటే అక్కడికి వేసిన వైరు సన్నదైంది, షార్ట్ అయినా బూస్టర్‌కు తెలియట్లేదు. చౌకగా పెద్ద నష్టాన్ని ఆపే పరీక్ష ఇది.

ఇంకో రకం ఉంది, డీకోడర్ చావలేదు, అయోమయంలో ఉంది. దాని లోపల సీవీలనే చిన్న చిన్న గళ్లలో విలువలు ఉంటాయి. ఇంజను నంబరు ఒక గడిలో, ఎంత త్వరగా వేగం అందుకోవాలన్నది ఇంకో గడిలో. ఎప్పుడో రెండు ఇంజన్లను జంటగా నడిపి, తర్వాత విడదీయడం మర్చిపోతే 19వ గడిలో జంట నంబరు మిగిలిపోతుంది. అప్పుడు ఆ ఇంజను సొంత నంబరుతో పిలిస్తే కదలదు. లైట్లు వెలుగుతాయి, ఇంజను కదలదు. ఆ గడిలో సున్నా రాస్తే చాలు. మిగతా అయోమయాలకు చాలా కంపెనీల డీకోడర్లలో 8వ గడిలో 8 రాస్తే కొత్తలో ఉన్న స్థితికి వచ్చేస్తుంది. ఇంజను నంబరు కూడా 3కి మారుతుంది, తర్వాత పాత నంబరుతో పిలిచి పలకలేదని కంగారు పడొద్దు.

మందులేని జబ్బు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నయమయ్యేవే. నయం కానిది జింకు తెగులు. ఇంజను బరువు కోసం ఛాసిస్‌ను జింకు మిశ్రమంతో పోత పోస్తారు. అందులో సీసం, కాడ్మియం, తగరం అతి కొద్దిగా కలిసినా, అంటే వెయ్యో వంతు శాతాల్లో లెక్కపెట్టే పాళ్లలో ఉన్నా, లోహపు రేణువుల హద్దుల వెంట తుప్పు పాకుతుంది. ఛాసిస్ లోపలి నుంచి ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి చేతిలో పెళుసుగా విరిగిపోతుంది. ఉబ్బిన ఛాసిస్ పైన ఉన్న బాడీని కూడా చీల్చేస్తుంది.

అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లోనే అత్యంత శుద్ధమైన జింకుతో జమాక్ మిశ్రమాలు తెచ్చింది. అంటే విరుగుడు తొంభై ఏళ్లకు పైగా తెలుసు. అయినా 2000ల తర్వాత తయారైన కొన్ని ఇంజన్లలో ఈ తెగులు మళ్లీ కనిపించింది. పోత పోసేచోట పాత తుక్కు ఒక గరిటెడు కలిస్తే ఆ బ్యాచ్ మొత్తం పాడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. గేరు పగలడం వయసు, మురికి మన నిర్లక్ష్యం. ఇది మాత్రం తయారీలోనే వేసిన విషం, కొన్నవాడికి పదేళ్ల తర్వాత బయటపడుతుంది. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు ఇంజన్లను గాలి తగలని పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోవడం మంచిది. తెగులును అది ఆపదు, నెమ్మదింపజేస్తుంది. పక్క ఇంజన్లకు తుప్పు పట్టకుండానూ ఉపయోగపడుతుంది. తెగులు పట్టిన ఛాసిస్‌కు మార్పిడి ఒక్కటే దారి.

విడిభాగం ఎక్కడ?

బ్రిటన్ మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ తన తయారీని 1990లలో ఇంగ్లండ్‌లోని మార్గేట్ నుంచి చైనాకు తరలించింది. మిగతా కంపెనీల్లో చాలావాటిదీ అదే దారి. ధర అదుపులో ఉండి, పనితనం అద్భుతంగా పెరిగింది. చేతి పట్టీలు, మెట్లు, అద్దాల చట్రాలు విడివిడిగా అమర్చిన ఇప్పటి ఇంజను పక్కన పాతది మొద్దుగా కనిపిస్తుంది. కానీ పద్ధతి మారింది. ఒక మోడల్‌ను ముందస్తు ఆర్డర్లకు తగ్గట్టు ఒక్క విడతలో చేస్తారు, తర్వాత అచ్చులు షెల్ఫు మీదకు పోతాయి. విడిభాగాలు విడిగా చేయించి నిల్వ పెట్టాలంటే ఖర్చు. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. గ్యారంటీలో ఇంజను చెడితే బాగుచేయడం బదులు డబ్బు వెనక్కివ్వడం కొన్నిచోట్ల మామూలైపోయింది.

అన్ని చోట్లా ఇంతే అనుకోవద్దు. పెరట్లో నడిపే పెద్ద రైళ్ల బ్రాండు ఎల్‌జీబీని నడిపిన పాత సంస్థ 2006లో దివాలా తీస్తే మరుసటి ఏడు మార్క్లిన్ ఆ బ్రాండును కొన్నది. 2009లో మార్క్లినే దివాలా పిటిషన్ వేసి, కోలుకుని, 2013లో బొమ్మల సంస్థ సింబా డికీ వాళ్ల చేతికి వెళ్లింది. ఇన్ని ఒడిదుడుకుల మధ్య కూడా ఇంజనుతో ఇచ్చే కాగితంలో భాగాలన్నీ విడదీసి గీసిన బొమ్మ, ఒక్కో భాగానికీ ఒక నంబరు ఇచ్చే అలవాటు నిలిచింది. ఆ నంబరుతో పట్టీలు, బ్రష్‌లు, రేకులు తెప్పించుకోవచ్చు. నా దృష్టిలో మన్నిక అంటే ఆ బొమ్మ, ఆ నంబరు, దాని వెనక ఎక్కడో ఒక గిడ్డంగిలో అరలో ఉన్న ఆ భాగం.

డీకోడర్ల విషయంలో ఈ పని ఇంకా బాగా జరిగింది. 8 పిన్నులవి, 21 పిన్నులవి, ప్లక్స్22, నెక్స్ట్18 అని సాకెట్లకు ప్రమాణాలు ఉన్నాయి. ఒక కంపెనీ ఇంజన్లో వియన్నాలోని జిమో డీకోడరో, జర్మనీ నాయ్-ఉల్మ్‌లోని ఈఎస్‌యూ డీకోడరో లాగి, గుచ్చి, నడపొచ్చు. సోల్డరింగ్ అక్కర్లేదు. పగిలిన గేరుకు ఈ స్వేచ్ఛ లేదు, అది ఆ మోడల్ గేరే కావాలి. ఇంజన్లో అన్నిటికన్నా తేలిగ్గా మారేది డీకోడరేనని మొదట్లో అన్నది ఇందుకే. సాకెట్ లేకుండా డీకోడర్‌ను లైట్ల బోర్డులోనే కలిపేసిన చౌక ఇంజన్లు మాత్రం మినహాయింపు. అక్కడ ఒకటి పోతే మొత్తం బోర్డు పోయినట్టే.

మన దగ్గర ఇంకో అడ్డంకి సుంకం. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. విద్యుత్ రైళ్లు, స్కేల్ మోడళ్లు ఆ వర్గంలోకే వస్తాయి. అందుకే మనవాళ్ల ఇంజన్లు ఎక్కువగా అమెరికా, జర్మనీల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో దిగుతాయి. అలా వచ్చిన ఇంజనుకు గ్యారంటీ అంటే తిరుగు పోస్టు ఖర్చు. కాబట్టి ఇక్కడ బాగుచేసుకోవడం నేర్చుకోక తప్పదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఎల్ఈడీలు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, సన్నటి వైరు, మంచి సోల్డరింగ్ ఐరన్ దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్ వైపు మనకు లోటు లేదు. గేర్లు, రబ్బరు పట్టీలు, బ్రష్‌లు మాత్రం ఇంజను కొనేటప్పుడే ఒక జత అదనంగా తెప్పించుకోవాలి. ఆ మోడల్ మళ్లీ ఎప్పుడు తయారవుతుందో కంపెనీకి కూడా తెలియకపోవచ్చు.

ఎవరైనా వాడిన ఇంజను అమ్ముతామంటే, కొనేముందు బాడీ విప్పి చూపించమనండి. ఛాసిస్ అంచుల్లో బీటలు, ఉబ్బు ఉన్నాయా, బాడీ బిగుసుకుపోయి ఉందా చూడండి. బోగీ అడుగు మూత తీసి ఒక చక్రాల జతను వెలుతురులో తిప్పండి. నెమ్మదిగా నడిపించి చెవి పెట్టండి. డీకోడర్ పనిచేయట్లేదని చెప్పి ధర తగ్గిస్తుంటే, మిగతావన్నీ బాగుంటే, సాకెట్ ఉన్నదైతే, తీసుకోండి. ఛాసిస్‌లో బీట కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు.